గద దిగేలోపు

కదలొద్దని శివరామయ్య రెండోసారి చెప్పేసరికి మోహన్‌రాజ్ ఊపిరి బిగబట్టాడు. కనుబొమ్మ మీద అరదళం రంగు తడితడిగా పాకుతోంది, కొబ్బరినూనె వాసన ముక్కులో దూరుతోంది, మెడ మీద చీమొకటి దారి వెతుక్కుంటోంది. వీటిలో దేన్నీ పట్టించుకునే స్థితిలో లేడతను, ఎందుకంటే చెవులు రెండూ తెరకు అవతలే ఉన్నాయి. తెర అంటే ఎవరిదో పాత చీర, వెదురుకు కట్టింది. దానికి అవతల గోవిందరాజు కూర్చుని రంగు వేయించుకుంటున్నాడు, దగ్గుతున్నాడు, టీ అడుగుతున్నాడు, టీలో చక్కెర ఎక్కువైందని విసుక్కుంటున్నాడు. చక్కెర ఎక్కువైందట. ఒక ఆడమనిషి చేతివేళ్ళు విరగ్గొట్టినవాడికి చక్కెర తేడా తెలుస్తోంది, నాలుక బాగానే పనిచేస్తోంది, కాళ్ళూ బాగానే పనిచేస్తున్నాయి, ఇంకో గంట పనిచేస్తాయి. గంటలో ధర్మరాజులగుడి వెనక మైదానంలో దుర్యోధన వధ. తిరుత్తణికీ ఆర్.కె.పేటకూ నడుమ, మరమగ్గాల చప్పుడు ఆగితే పసిపిల్లలు ఉలిక్కిపడి లేచే ఈ ఊళ్ళో, భారతం చివరి రోజున భీముడి వేషం మోహన్‌రాజ్ ఇంటివాళ్ళది, దుర్యోధనుడి వేషం గోవిందరాజు ఇంటివాళ్ళది. తాతల నాటి హక్కు. మిగతా రోజులన్నీ పిలిపించిన జట్టు ఆడుతుంది, ఈ ఒక్క ఘట్టం మాత్రం ఊరివాళ్ళే ఆడాలి. మైదానంలో మట్టితో దుర్యోధనుణ్ణి వెల్లకిలా పడుకోబెట్టారు, ఇల్లంత పొడవున, తొడలో ఎర్రనీళ్ళ కుండ పాతిపెట్టి. గోవిందరాజు ఆ మట్టి తొడ మీద కాలు చాపుకుని పడుకుంటాడు, భీముడి గద అతని కాలి పక్కగా పోయి కుండ మీద పడుతుంది, ఎర్రనీళ్ళు చిమ్ముతాయి, జనం గోవిందా అంటారు. కాలికీ కుండకూ నడుమ జానెడు దూరం. ఆ జానెడు ఈసారి ఉండదని మోహన్‌రాజ్ తీర్మానించుకున్నాడు.

గద వేపచేవతో చేసింది, తాత చేయించాడు. జట్టువాళ్ళ గదలు అట్టముక్కలూ రంగుకాగితాలూ, పిల్లలు కూడా తిప్పుతారు, ఇది అట్లా కాదు, ఎత్తితే భుజం తెలుస్తుంది. మోకాలికి పైన, తొడ ఎముక సన్నబడే చోట దింపాలి. మోహన్‌రాజ్ మగ్గాల మెకానిక్, ఏ ఇనుము ఎక్కడ విరుగుతుందో చేతికి తెలిసినవాడు, మనిషి ఎముక అంతకంటే కష్టమేమీ కాదు. చప్పుడు ఎలా ఉంటుందో కూడా ఊహించుకున్నాడు, తడిసిన వెదురు విరిగినట్టు, లేదు, అంత మెత్తగా వద్దు, ఎండిన వెదురు. పెళ్ళాం కోకిల వేళ్ళు విరిగినప్పుడు ఏ చప్పుడైందో అతనికి తెలియదు, అప్పుడు అతను గోవిందరాజు మగ్గాల షెడ్డు అవతలి కొసన జకార్డు కొక్కేలు సరిచేస్తున్నాడు, మగ్గాలన్నీ ఆడుతున్నాయి, ఆ హోరులో ఆమె కేక కూడా అతనికి వినపడలేదు. అదీ అతన్ని తినేస్తున్నది. పక్క మగ్గం మీది మురళి వచ్చి భుజం పట్టి ఊపితే గానీ తెలియలేదు. ఆఫీసు గదిలోకి పరిగెత్తేసరికి కోకిల నేల మీద కూర్చుని ఉంది, కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఆ చెయ్యి తనది కానట్టు చూస్తూ. గోవిందరాజు బీరువాకి తాళం వేస్తున్నాడు. కోకిలకి వరసకి చిన్నాయన, తలుపు దానంతట అదే పడిందన్నట్టు ముఖం పెట్టాడు, బీరువా తలుపు జారిందిరా, చూసుకోలేదు అన్నాడు. జారిన తలుపు మూడు వేళ్ళ మీద రెండుసార్లు పడుతుందా. నెత్తురు బీరువా అంచున ఒకచోట కాదు, రెండుచోట్ల ఉంది. మెకానిక్ కళ్ళు కదా, అదీ చూశాయి.

ఆ వేళ్ళు ఏం చేసేవో ఊరంతటికీ తెలుసు. గోవిందరాజు షెడ్డులో నేసే చీరల అంచులన్నీ కోకిల గీసినవే. చదువు తిరుత్తణిలో, అరవంలో, తెలుగు చదవాలంటే కూడబలుక్కోవాలి గానీ కంప్యూటరు ముందు కూర్చుంటే ఆ పిల్లకి భాషతో పనే లేదు, మౌసు పట్టుకుని చుక్క చుక్కా పేర్చేది, తాటాకు జడ, చింతచిగురు, కొండమెట్లు, ఆ చుక్కలే మర్నాడు మగ్గం మీద జరీ అయ్యేవి. అంచులు గీసే సాఫ్ట్‌వేరు ఒకటి, అది నడవాలంటే దాని కింద జావా అని ఇంకొకటి ఉండాలి. మగ్గం కింద మోటారు ఉంటాదే, అట్ల, అని కోకిల కొత్తలో చెప్పింది. ఆ సాఫ్ట్‌వేరు అమ్మినవాడు కంపెనీ ఎత్తేసి ఎటో పోయాడు, అతను వదిలిపోయిన సరుకుకి పాత జావా తప్ప కొత్తది సరిపడదు. ఒకసారి, చాలా ఏళ్ళ కింద, స్క్రీను మీద కొత్తది వేసుకోండని అడిగితే కోకిల వేసింది. అంతే, సాఫ్ట్‌వేరు తెరుచుకోలేదు, మగ్గాలు ఆగాయి, గోవిందరాజు వీధిలో నిలబడి చొక్కా చించుకున్నాడు. ఎక్కడి నుంచో పాత జావా మళ్ళీ తెప్పించి వేయించాక ఆయుధపూజ వచ్చింది. మగ్గాలతో పాటు కంప్యూటరు డబ్బాకీ పసుపు రాసి, మూడు కుంకుమబొట్లు పెట్టి, నిమ్మకాయా మిరపకాయా దారానికి గుచ్చి దాని మెడకి కట్టాడు, పూజ చేసినాం, ఇంక దీంట్లో ఏదీ మార్చకూడదు అని అందరికీ చెప్పాడు. దేవుడి కలశం కదిలించకూడదన్నంత నిష్ఠగా చెప్పాడు. అప్పటి నుంచి ఆ యంత్రం రోజూ మొరపెట్టుకునేది, ఈ జావా పాతబడింది, దీంట్లో లొసుగులున్నాయి, ప్రమాదం, అయినా నడపమంటావా అని. ఇంకెప్పుడూ అడగొద్దు అన్నచోట టిక్కు పెట్టించాడు. భద్రత ఎంత కావాలన్న చోట ముల్లు కిందికి లాగించాడు. మొరపెట్టే యంత్రం నోరు నొక్కేసి హాయిగా కూర్చున్నాడు మహానుభావుడు.

పోనీ ఆ కంప్యూటరును ఒక మూల వదిలేశాడా అంటే అదీ లేదు. అదే డబ్బాలో ఉత్తరాలు, అదే డబ్బాలో పన్నుల దాఖలాలు, అదే డబ్బాలో మధ్యాహ్నం అన్నం తిన్నాక ఎక్కడెక్కడి నుంచో దింపుకున్న సినిమాలు. కోకిల అడగని రోజు లేదు. నెట్టు తీగె పీకేద్దాం చిన్నాయనా, డిజైన్లకి నెట్టుతో పనిలేదు అంది. లేకుంటే కొత్త సాఫ్ట్‌వేరు కొందాం అంది. దిష్టి తగలకుండా నిమ్మకాయ కట్టినాం కదమ్మా, నీకు భయం ఎక్కువ అన్నాడు. నవ్వుతూ అన్నాడు. ఆ నవ్వు గుర్తొచ్చి మోహన్‌రాజ్ దవడ బిగించాడు, అరదళం బుగ్గ మీద పగిలింది, శివరామయ్య తిట్టుకుంటూ మళ్ళీ రాశాడు. శివరామయ్య అంటే ఈ నాటకానికి వాధ్యారు, భీముడి ముఖానికి రంగు వేసేదీ అతనే, పాట అందించేదీ అతనే, ఊళ్ళో తగవులొస్తే నడుమ కూర్చునేదీ అతనే. ముసలివాడి బొటనవేలు కణత మీద ఆగి, అక్కడ కొట్టుకుంటున్న నరాన్ని కాసేపు అలాగే నొక్కి పట్టింది.

కొండమెట్ల అంచు దీపావళికని గీసింది. ఆ చీర ఇంకా మగ్గం మీదకే ఎక్కలేదు, తిరువళ్ళూరులో ఒక బట్టలకొట్టు అద్దాల్లో కనపడింది. వేరే ఊరి మిల్లు నేసింది, సగం ధరకే. గోవిందరాజు ఒక చీర కొనుక్కొచ్చి బల్ల మీద పరిచాడు. అచ్చం అదే అంచు, అంతకంటే ఘోరం, మూడో మెట్టు దగ్గర ఒక దారం ఎగిరిపోయి ఉంది. కోకిల ముందు పొరపాటున వదిలేసి తర్వాత దిద్దిన తప్పు అది, దిద్దకముందటి తప్పు ఆ చీరలో అలాగే ఉంది. నీ తప్పుతో సహా అమ్మినావు కదే అన్నాడట. అమ్మలేదు, ఫైలు ఎవరో తీసుకున్నారు, దిద్దకముందే తీసుకున్నారు, మిషన్‌లోంచే పోయింది అని ఆమె చెబుతూనే ఉంది, నేను పూజ చేసిన మిషన్‌ని అంటావా అని అతను ఆమె చెయ్యి పట్టి బీరువాలోకి తోసి తలుపు మూశాడు. ఎన్నిసార్లు తలుచుకున్నాడో మోహన్‌రాజ్, ప్రతిసారీ ఆ గదిలో తనూ ఉంటాడు, ప్రతిసారీ వేరే పనిముట్టు, స్పానరు, పడుగుకర్ర, షటిలు మొన, ఒకసారి ఉత్త చేతులే. ఉత్త చేతులతో గొంతు పిసికినప్పుడు ఎక్కువ సుఖంగా అనిపించింది. అన్నం తింటున్నప్పుడు కూడా ఆ గొంతు తన పిడికిట్లో ఉండేది. కోకిల ఎడమచేత్తో, గోడ వైపు తిరిగి, ఎవరూ చూడకుండా ముద్ద పెట్టుకునేది, ఎడమచేత్తో తినడం ఆమెకి సిగ్గు. మొదటి రోజు అతను కలిపి తినిపించబోతే, నేనేం పసిదాన్నా అని కంచం లాక్కుంది. ఆ పూట మోహన్‌రాజ్ పెరట్లోకి పోయి గోడను గుద్దాడు, గోడకి ఏమీ కాలేదు.

తిరువళ్ళూరు స్టేషన్ దగ్గర నివేద అనే అమ్మాయి కంప్యూటర్లు బాగుచేసే కొట్టు పెట్టుకుంది. శివరామయ్య పట్టుబడితే ఆ డబ్బాను అక్కడికి మోసుకుపోయారు, లోకల్ రైల్లో, గోవిందరాజు కిటికీ దగ్గర, శివరామయ్య నడుమ, మోహన్‌రాజ్ ఈ కొసన, డబ్బా అతని ఒళ్ళో. తిరుత్తణి దాటినప్పటి నుంచీ ఆ డబ్బాను గోవిందరాజు నెత్తి మీద ఎత్తేసి దాన్నీ అతన్నీ కలిపి కిటికీలోంచి తోసేయాలనిపిస్తూనే ఉంది, ఎదుట సీటులో మల్లెపూలు కట్టుకుంటున్న ఆడవాళ్ళున్నారు గనక ఆగాడు. నివేద రోజంతా దాంతో కుస్తీ పట్టి సాయంత్రానికి చెప్పింది. ఉత్తరంతో పాటు ఏదో వచ్చింది, పాత జావాలో ఉన్న కంత గుండా లోపలికి దూరింది, నెలల తరబడి కూర్చుని ఫైళ్ళు ఒకటొకటే బయటికి పంపుతూ వచ్చింది, కోకిల చేత్తో పోయింది ఒక్కటి కూడా లేదు. పంపిన రోజులు కూడా చూపించింది, వాటిలో కొన్ని రోజులు కోకిల అసలు పనికే రాలేదు. తలుపు తీసిపెట్టి గుమ్మానికి నిమ్మకాయ కట్టినారు అంది ఆ పిల్ల, నవ్వకుండా. గోవిందరాజు అంతా విన్నాడు, పైగుడ్డతో ముఖం తుడుచుకున్నాడు, సరి, పోదాం అన్నాడు. అంతే. మర్నాడు భారతం మొదలుకు గుళ్ళో కాపు కట్టారు, పసుపుదారం. కాపు కట్టిన దగ్గర నుంచి వధ దాకా భీముడి ఇంటికీ దుర్యోధనుడి ఇంటికీ మాటలుండవు, ఊరి తగవు ఏదీ పోలీసుల దాకా పోకూడదు, అది కట్టుబాటు. ఆ కట్టుబాటును దుప్పటి కప్పుకున్నంత చక్కగా కప్పుకున్నాడు గోవిందరాజు. ఊళ్ళో మాత్రం కోకిల డిజైన్లు అమ్ముకుందన్న మాట అలాగే తిరుగుతోంది, కొళాయి దగ్గర, పాలకేంద్రం దగ్గర, ఆమె వస్తే ఆగి ఆమె వెళ్ళాక మొదలయ్యే మాట.

పొద్దున వేషానికి బయల్దేరుతుంటే కోకిల గుమ్మం దగ్గర ఆపింది. చేతికి కట్టు విప్పేశారు, వేళ్ళు మాత్రం వంగడం లేదు, ఆ వంగని వేళ్ళతోనే అతని చొక్కా పట్టుకోబోయి, పట్టు చిక్కక, ఎడమచేత్తో పట్టుకుంది.

"నువ్వేం చేయబోతాండావో నాకు తెల్సు. వాని కాలు ఇరిగితే ఊరంతా ఆ కాలు గురించే మాట్లాడతారు. నాకు కాలొద్దు. కోకిల అమ్మలేదు అని వాని నోట రావాల. అందురూ వినేట్ల రావాల."

అతను చొక్కా విడిపించుకుని గుమ్మం దిగాడు. సరే అంటే అబద్ధం ఆడినట్టవుతుంది. ఆమెకి ఆ మాట కావాలి, నిజమే, అయితే తనకో. తనకి ఏం కావాలో ఎవరూ అడగలేదు. కూలి పోయింది, మరో షెడ్డులో చేరతాడు, అది కాదు. షెడ్డు హోరులో వినపడని ఆ కేక ఇప్పుడు ఎక్కడ కూర్చున్నా వినపడుతోంది, దాని మీద ఇంకో కేక పడితే తప్ప ఇది ఆగదు. గోవిందరాజు కేక కావాలి అతనికి. లోపలికి దూరిన ఆ దొంగకి ముఖం లేదు, పేరు లేదు, ఏ దేశంలో కూర్చుని ఉన్నాడో నివేదకి కూడా తెలియదు, వాడి తొడ ఎక్కడని వెతకాలి. దొరికిన తొడ ఇదొక్కటే, పసుపు రాసుకుని, గజ్జెలు కట్టుకుని, ఎదురుగా చాపుకుని పడుకోబోతోంది.

కిరీటం కట్టారు. దవడ కింద తాడు బిగుస్తుంటే శివరామయ్య చెవి దగ్గరకి వంగాడు.

"వానితో మాట్లాడినాను రా. పడినాక దుర్యోధనుడు తప్పులు ఒప్పుకునే వచనం ఉండాది కదా, ఆడ చెప్పు, కోకిలమ్మ సంగతి కూడా ఆడనే చెప్పేయి అన్నాను. సరే అన్లేదు, కాదన్లేదు. వాడు తొడ చరిచే దాకా నువ్వు గద దించొద్దు."

చెబుతాడా వాడు. చెప్పేవాడైతే రైల్లోనే చెప్పేవాడు, స్టేషన్లో టీ తాగుతూ చెప్పేవాడు, కాపు కట్టకముందు ఒక పూటంతా ఉంది, ఆ పూట ఇంటికొచ్చి ఆ పిల్ల ముందు నిలబడేవాడు. చెప్పడు. మీసం దిగిపోతుంది. మీసం కోసం మగ్గాలు అమ్ముకునే జాతి. మోహన్‌రాజ్ గద అందుకున్నాడు, పిడి దగ్గర తాత చేతుల నునుపు, దాని మీద నాయన చేతుల నునుపు, చూపు కుండ మీద పెట్టరా, కాలు మీద పెట్టొద్దు, చూపు యాడుంటే గద ఆడ పడతాది అని నాయన నేర్పింది గుర్తొచ్చింది. ఎంత మంచి పాఠం, ఇవాళ బాగా పనికొస్తుంది, చూపు ఎక్కడ పెట్టాలో తెలిసింది. మద్దెల మొదలైంది. తెర పక్కకి లాగారు, ఎండ ముఖాన కొట్టింది, ఎండలో మట్టి దుర్యోధనుడు నాలుక వేలాడేసి, మీసాలు మెలితిప్పి, ఊరి వంక చూడకుండా ఆకాశం వంక చూస్తూ పడి ఉన్నాడు. చుట్టూ జనం, గోడల మీద జనం, ఆడవాళ్ళు ఒక వరస, మగవాళ్ళు ఒక వరస, ఆడవాళ్ళ వరసలో ముందే కోకిల, కొంగులో కుడిచెయ్యి దాచుకుని. ఆమె చుట్టూ కాస్త ఖాళీ. జనం కిక్కిరిసిన చోట ఆమె పక్కన మాత్రం మనిషి పట్టేంత ఖాళీ.

అది చూశాక అతనికి తాళం వినపడలేదు, కాళ్ళు వాటంతట అవే ఆడాయి. మట్టి ఛాతీ మీద నుంచి మట్టి పొట్ట మీదకి గోవిందరాజును తరిమాడు, గద గదకి తగిలినప్పుడల్లా కావాలనే బలం పెట్టాడు, ఒకసారి అవతలివాడి పిడి జారింది, ఒకసారి వేళ్ళు చితికాయి, అబ్బా అన్నాడు, జనం నవ్వారు, బాగా ఆడుతున్నారనుకున్నారు. భుజకీర్తి ఊడి పడింది. గోవిందరాజు కళ్ళలోకి అప్పుడొచ్చింది భయం, రంగు కింద ముఖం ఎలా ఉందో గానీ కళ్ళకి రంగు ఉండదు కదా. మెల్లిగా రా, మెల్లిగా అన్నాడు పళ్ళ సందున, కాపు కట్టాక రెండిళ్ళ నడుమ పడిన మొదటి మాట అది. జవాబుగా మోహన్‌రాజ్ గద మొనతో రొమ్ము మీద పొడిచాడు, వాడు వెనక్కి పడ్డాడు, పడాల్సిన చోటే పడ్డాడు, మట్టి తొడ మీద కాలు చాపుకుని. చెవికి తగిలించిన మైకులో వాడి ఆయాసం మైదానమంతా వినపడింది. ఎంత సుఖంగా ఉందో ఆ ఆయాసం వింటుంటే. మద్దెల ఆగింది, వచనం మొదలైంది, మోహన్‌రాజ్ గద తల మీదకి ఎత్తి నిలబడ్డాడు, వచనం అయ్యేదాకా అలా నిలబడాలి.

గోవిందరాజు చెప్పుకుపోయాడు, విషం పెట్టినాను భీమా అన్నాడు, లక్క ఇల్లు కాల్చినాను అన్నాడు, జూదంలో మోసం చేసినాను, ఆడబిడ్డను సభకి ఈడ్పించినాను అన్నాడు. ఇక్కడితో వచనం అయిపోతుంది, ఇక్కడ తొడ చరచాలి. చరచలేదు. ఆగాడు. మైకులో గొంతు తడుపుకున్న చప్పుడు. మోహన్‌రాజ్ చూపు మోకాలికి పైన పసుపు చెమటకి కరిగి కారుతున్న చోట ఉంది, అక్కడి నుంచి కదలడం లేదు. తెర దగ్గర శివరామయ్య చెయ్యి ఎత్తి ఆగమన్నాడు, అది కూడా కంటి కొసన కనపడింది.

"ఇంకొక తప్పు ఉండాది," అన్నాడు గోవిందరాజు. గొంతు దుర్యోధనుడిది కాదు, బల్ల ముందు కూర్చునే గోవిందరాజుది. "కోకిల..."

ఆపడానికి వీలుంది. ఆ సంగతి మోహన్‌రాజ్‌కి తెలుసు, తర్వాత ఎవరు అడిగినా అతను కాదనలేదు, గద ఇంకా పైనే ఉంది, చేతులు తనవే. కానీ ఆ నోట ఆ పేరు వినేసరికి, నీ తప్పుతో సహా అమ్మినావు కదే అన్న నోరు, టీలో చక్కెర ఎక్కువైందన్న నోరు, ఆ నోట్లో ఆమె పేరు కదిలేసరికి కళ్ళ ముందు బీరువా తలుపు తప్ప ఏమీ మిగల్లేదు. దింపాడు. నడుమూ భుజాలూ మొత్తం ఒళ్ళూ పెట్టి దింపాడు. చూపు ఎక్కడుందో గద అక్కడే పడింది. కేక మైకులోంచి వచ్చి కొండకి తగిలి మళ్ళీ వచ్చింది, అతను కోరుకున్నంత కేక. అదే దెబ్బకి కుండ కూడా పగిలి ఎర్రనీళ్ళు చిమ్మాయి, జనం లేచి నిలబడి గోవిందా అన్నారు, ఆడవాళ్ళు కొంగులు పట్టి ఆ నీళ్ళు ప్రసాదమని ముందుకు తోసుకొచ్చారు. శివరామయ్య తల పట్టుకుని కూర్చున్నాడు. వాళ్ళ నడుమ కోకిల ఒక్కతే కదలకుండా, తన పేరు తర్వాత రావాల్సిన మాట కోసం ఇంకా మైకు వంకే చూస్తూ నిలబడి ఉంది.